మర ఇంజనుకు ఎక్కిళ్ళు

3-10-1968, గురువారం

పనులు: దసరా పటాలు తుడిచి గోడకు ఎక్కించడం. మినప్పప్పు రుబ్బడం. ఎండుమిరపకాయలు వేయించి కారం కొట్టడం. మరలోకి మూడుసార్లు కాఫీ. ఈయన ఉత్తరీయం కుంకుడురసంలో రెండుసార్లు నానబెట్టినా ఇంజను నూనె మరక పోలేదు. పొందూరు నూలు. మర తుడుచుకోమని ఇచ్చేశాను.

ఇవాళ ఇంజను బిగించారు. ఈ ఏడాది ఆయుధపూజకి మాకు ఇంజను లేదు, దాని ముక్కలే ఉన్నాయి. గోనెపట్టా మీద పరిచిన ప్రతి బోల్టుకీ విడివిడిగా బొట్టు పెట్టాను. కుంకుమ భరిణె అడుగు కనిపించింది.

శ్రావణంలో ఆ గొడవే కాకపోతే ఇదంతా ఉండేది కాదు. ఏటా ఇంజను విప్పి బిగించేది నా తమ్ముడు. వాడి పేరు నగరం. నరసన్నపేటలో లారీలూ ఇంజన్లూ బాగుచేస్తాడు. మొన్న శ్రావణంలో వాడు ఏదో చిన్న మరమ్మతు చేస్తుంటే ఈయన నెత్తి మీద నిలబడి, ఇది ఇలా తిప్పు, అది అలా కొట్టు అని చెప్పడం మొదలుపెట్టారు. వాడు ఊరుకున్నాడు, ఊరుకున్నాడు, చివరికి ధాన్యం తెచ్చిన రైతులందరి ముందూ, "బావా, నువ్వు నూనె పోసుకో, మిగతాది నాను సూసుకుంటాను" అన్నాడు. రైతులు నవ్వారు. నవ్వకుండా ఉంటే బాగుండేది.

"నీ సెయ్యి మళ్ళీ నా ఇంజను మీద పడితే నా పేరు కాశీవిశ్వనాథం కాదు" అన్నారు ఈయన.

"నోరారా పేరెట్టి పిలిసిన దాకా నీ గుమ్మం తొక్కితే ఒట్టు" అన్నాడు వాడు.

అప్పట్నుంచి ఈయన నోట 'నగరం' అన్న మాట లేదు. "మీవాడు" అంటారు. కోపం ఎక్కువైతే "ఆ మెకానిక్కు" అంటారు.

వాడు రాడు కాబట్టి ఈసారి ఆయుధపూజ ముందు ఇంజను ఈయనే విప్పారు. ఇక బిగింపు సంగతి. మా ఊరి బడిలో జగన్నాథం మాస్టారు ఇంజనుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి అర్థం చెప్పారు. ఈయన బిగించారు. అన్నీ అయ్యాక బండ చక్రాన్ని ఇరుసుకు ఎక్కించారు. చక్రానికీ ఇరుసుకీ మధ్య ఉన్న గాడిలో ఒక ఇనప చీల దిగ్గొట్టాలి. ఈయన రెండు దెబ్బలు వేశారు. మూడో దెబ్బకు సుత్తి ఎత్తేసరికి వంటింట్లోంచి నాకు మిరపకాయల ఘాటుకు తుమ్ము వచ్చింది. ఒంటి తుమ్ము. ఈయన సుత్తి దించి, మంచినీళ్ళు తాగి, కాళ్ళు కడుక్కుని కాసేపు కూర్చున్నారు. లేచేసరికి మాస్టారు గడియారం చూసి, వర్జ్యం వచ్చేస్తోందని తొందరపెట్టారు. కంగారుగా బెల్టు ఎక్కించి హేండిలు తిప్పారు.

ఇంజను ఆడింది. పొగగొట్టం మీద బోర్లించిన డబ్బా ఎప్పట్లాగే కూక్, కూక్ అంది. ఆ కూత వినే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మా మర తిరుగుతోందని తెలుసుకుని గంపలు ఎత్తుకుంటారు. కానీ ఇవాళ రెండు కూతల మధ్య ఇంకో చప్పుడు ఉంది. టక్.

"కొత్త ఇంజనుకి మొదట అలగే ఉంటాది" అన్నారు ఈయన.

ఇంజను కొని ఎనిమిదేళ్ళయింది.

4-10-1968, శుక్రవారం

పనులు: మామూలు. టక్ ఉంది.

6-10-1968, ఆదివారం

పనులు: ఇల్లంతా అలకడం. పదకొండు గ్లాసుల కాఫీ. ఇంట్లో తాగేవాళ్ళం ఇద్దరం.

ఊళ్ళో ఎవరికి తోచకపోయినా మా మరకే వస్తున్నారు. వచ్చినవాడల్లా ఇంజను పక్కన తల వంచి, కళ్ళు మూసుకుని, కాసేపు విని, నిట్టూరుస్తాడు. తర్వాత కాఫీ.

మాస్టారు పుస్తకంలో చప్పుళ్ళ పేజీ తీశారు. అందులో చప్పుళ్ళు చాలా రకాలున్నాయట. "ఇది మూడోదానికీ ఏడోదానికీ మధ్యలో ఉన్నాదండీ" అన్నారు. మధ్యలో ఉన్నదానికి మందు ఏమిటని అడిగితే, రెండు మందులూ వేద్దామన్నారు. వేశారు. టక్ అలాగే ఉంది, ఇప్పుడు కొంచెం కిరసనాయిలు వాసన కూడా వస్తోంది.

నేను ఒకటి కనిపెట్టాను. గింజ పోసి మర బరువుగా ఆడుతున్నప్పుడు టక్ తగ్గుతుంది. ఖాళీగా తిరిగేటప్పుడు గట్టిగా కొడుతుంది. ఇది ఎవరూ అడగలేదు.

8-10-1968, మంగళవారం

పనులు: తలంటు. చింతపండు గింజ తీయడం. తొమ్మిది గ్లాసుల కాఫీ. కాఫీపొడి వచ్చేవారం దాకా రాదు.

దానమ్మ అంబలికి చోళ్ళు ఆడించుకోవడానికి వచ్చింది. గంప దించీ దించకముందే, "ఓలమ్మ, సావుకారమ్మా, మీ మరకి ఎక్కిళ్ళు వస్తన్నాయేటి?" అంది.

"ఎవురో తల్సుకుంటన్నట్టున్నారు" అన్నాను.

"ఎవురు తల్సుకుంటారు మరని! నరసన్నపేటలో మీ తమ్ముడు తల్సుకుంటన్నాడేమో."

ఈయన విన్నారు. దానమ్మ పిండిలో ఆ పూట చోడి పొట్టు ఎక్కువ పడింది.

సాయంత్రం కాంపౌండరు నారాయణమూర్తి స్టెతస్కోపు తెచ్చాడు. చెవులకు తగిలించుకుని ఇంజనుకు అన్ని చోట్లా ఆనించి విన్నాడు. మరలో ఉన్నవాళ్ళందరూ ఊపిరి బిగబట్టారు, ఇంజను ఒక్కటే ఊపిరి తీసుకుంది.

"ఊపిరితిత్తులు బాగున్నాయి బావూ. గుండె ఒక దెబ్బ అదనంగా కొడతన్నాది" అన్నాడు.

"అదే నానూ అనుకున్నాను" అన్నారు ఈయన, ఎంతో నెమ్మదించినట్టు.

మందు: నాలుగు రోజులు బరువు పెట్టకుండా పలచని నూనె మీద ఉంచాలట. ఫీజు తీసుకోలేదు. కాఫీ రెండుసార్లు తాగాడు.

10-10-1968, గురువారం

పనులు: మామూలు. తిరగలి దులిపి, కందిపప్పు విసిరాను.

విసురుతుంటే తిరగలి పిడి వదులైంది. చుట్టు తిరిగినప్పుడల్లా టక్ మంటోంది. పప్పు పోస్తే తగ్గుతోంది. ఖాళీగా తిప్పితే గట్టిగా కొడుతోంది. తిరగలి ఆపి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక మరలోకి వెళ్ళాను. ఆగి ఉన్న బండ చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాను. టక్. ఇరుసు కదల్లేదు, చక్రం కదిలింది. చీల మీద వేలు పెట్టి మళ్ళీ ఊపాను. వేలికి తెలిసింది. ఆ రోజు మూడో దెబ్బ పడనేలేదు.

ఈయన లేచాక కాఫీ ఇచ్చి చెప్పాను.

"ఏవండీ, సక్రం సీల పూర్తిగా దిగినట్టు లేదు. తిరగలి పిడి వదులైతే ఇలగే కొడతాది."

"తిరగలికి సిలిండరున్నాదేటి?"

"లేదు."

"పిస్టనున్నాదేటి?"

"లేదు."

"మరి? ఇంజను సంగతులు ఇంజను తెలిసినోళ్ళు సూస్తన్నారు. నువ్వు కందిపప్పు సూసుకో."

చెప్పాను. ఆయన వినలేదు. నా వంతు తీరింది.

11-10-1968, శుక్రవారం

పనులు: మామూలు.

ఒకమాట రెండుసార్లు చెబితే మగవాళ్ళు సాధింపు అంటారు. నేను సాధించే మనిషిని కాను. అందుకే ఇవాళ చెప్పలేదు. ఇంకే కారణమూ లేదు.

పంచాంగం చూశాను. కార్తీక విదియ 23న, బుధవారం. ఆ రోజు అప్పచేతి భోజనం తిన్న తమ్ముడి జోలికి యముడు రాడంటారు. అమ్మ పోయినప్పట్నుంచీ ఏ ఏడూ నగరం తప్పలేదు. జ్వరంతో ఒకసారి, చెయ్యి విరిగి ఒకసారి, వచ్చి తినే వెళ్ళాడు. పగలంతా లారీల కింద వెల్లకిలా పడుకుని పని చేస్తాడు. నాకు యముడి సంగతి తెలియదు, లారీల సంగతి తెలుసు.

ఇంజను బాగుకాకపోతే ఈయన ఎవరినో ఒకరిని పిలవాలి. చుట్టుపక్కల ఇంజను తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఇది ఊరికే రాసుకున్నాను. దీనికీ, చెప్పకపోవడానికీ సంబంధం లేదు.

14-10-1968, సోమవారం

పనులు: రెండు రోజులుగా మరలో ఇంజను మళ్ళీ విప్పి ఉంది. భోజనాలు అక్కడికే మోస్తున్నాను. ఈసారి బొట్లు పెట్టలేదు.

ఈయన శ్రీకాకుళం వెళ్ళి పిస్టనుకి కొత్త రింగులు తెచ్చారు. మాస్టారు పుస్తకం పట్టుకుని పక్కనే. అంతా విప్పారు కానీ చక్రం మాత్రం విప్పలేదు, అది బాగానే ఉందట. బిగించి తిప్పారు. కూక్, టక్, కూక్, టక్.

మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చుని ఈయన, "ఇది మన సేతిలో లేదేమోనే. ఎవుర్నైనా పిలవాల" అన్నారు.

నెయ్యి ఇంకో గరిటె వేశాను. "ఎవుర్ని?"

"విశాఖపట్నంలో ఇంజను అమ్మినోళ్ళకి కార్డు రాత్తాను. ఆళ్ళ మెకానిక్కు వస్తాడు."

నెయ్యి గిన్నె లోపల పెట్టేశాను.

15-10-1968, మంగళవారం

చెప్పలేదు. ఈయన అడగలేదు కూడా.

18-10-1968, శుక్రవారం

పనులు: దీపావళికి ప్రమిదలు కడిగి ఎండబెట్టడం. వత్తులు. బియ్యం కడిగి ఆరబోయడం.

విశాఖపట్నం నుంచి జవాబు వచ్చింది. వాళ్ళ మనిషి కోతలయ్యాక వస్తాడట. అప్పటిదాకా మర ఎలా ఆడించాలో రాయలేదు.

మరలోకి కాఫీ పట్టుకువెళ్ళి, ఇవాళ మొదటిసారి చక్రాన్ని తిరుగుతుండగా పట్టి చూశాను. ఇన్నాళ్ళూ చప్పుడు వినడమే తప్ప చూడలేదు. చక్రం అంచు ఇటూ అటూ వణుకుతోంది. నేను వేలు పెట్టిన రోజున ఇలా లేదు. ఆ చక్రం మా గాదె తలుపంత ఎత్తు, నలుగురు మోస్తే గానీ లేవదు. దానికి ఎదురుగా గోడవార గంపలు పెట్టుకుని ఆడవాళ్ళు కూర్చుంటారు. ఇవాళ అక్కడ దానమ్మ కూర్చుని ఉంది, కాళ్ళు చాపుకుని.

వాళ్ళను లేచి ఇవతల కూర్చోమన్నాను. ఎందుకని అడిగితే ఎండ వస్తోందన్నాను. అక్కడికి ఎండ రాదు.

ఇంజను అంతలో ఆగింది. ఇవాళ్టికి మర పని అయిపోయినట్టే. రేపు పొద్దున్నే చెప్పేస్తాను. సాధింపు అనుకుంటే అనుకోనీ.

19-10-1968, శనివారం

పనులు: సగంలో మానేశాను.

పొద్దున్న చెబుదామని చూస్తే ఈయన స్నానం నుంచి నేరుగా మరలోకి వెళ్ళిపోయారు. నేను వెళ్ళేసరికి పండగ పిండి కోసం ఆడవాళ్ళు మరనిండా ఉన్నారు. బియ్యం, చోళ్ళు, శనగలు. అందరూ మళ్ళీ ఆ గోడవారే. ఈయన హేండిలు పట్టుకున్నారు. అంతమంది ముందు చక్రం సంగతి ఎత్తితే శ్రావణం మళ్ళీ వస్తుంది. ఏం చెయ్యాలో తోచలేదు.

తుమ్మాను.

ఈయన హేండిలు దించారు. మంచినీళ్ళు తాగారు. కూర్చున్నారు. లేచారు. హేండిలు పట్టుకున్నారు.

తుమ్మాను.

మళ్ళీ నీళ్ళు. "ఏటే, జలుబు సేసినాదేటి?" అన్నారు.

"సేసినట్టున్నాది. ఇయాల మర వద్దండీ."

"పండగ ముందర మర వద్దంటావేటే!"

మూడోసారి హేండిలు పట్టుకున్నారు. తుమ్మాను. అంతే, నా వెనక నుంచి దానమ్మ కూడా తుమ్మింది, మరంతా మారుమోగేలా.

"జంట తుమ్ములు బావూ! మంచిదే! తిప్పీ బేగి! నా సోళ్ళు పొద్దుట్నుంచి కాసుకున్నాయి!"

ఆడవాళ్ళందరూ అవునవునన్నారు. నేను ఒంటి తుమ్ము తుమ్మిన ప్రతిసారీ వెంటనే రెండోది తుమ్మడానికి ఇద్దరు ముగ్గురు ముక్కులు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఈయన హేండిలు తిప్పారు. ఇంజను లేచింది. చక్రం వణికింది. టక్ కాదు ఇప్పుడు, ఠంగు ఠంగు మంటోంది.

శ్రావణం వస్తే రానీ అనుకున్నాను.

"ఆపండి! సక్రం ఊడిపోతాది! సీల దిగలేదు! లెండే మీరందరూ, గోడ కాడ్నించి లెగండి!"

నేను ఇంత గట్టిగా అరవడం ఈ ఇంటికి వచ్చాక ఇదే మొదటిసారి. ఈయన ఇంజను ఆపేశారు. ఆగిన చక్రం దగ్గరికి వచ్చి చీలను రెండు వేళ్ళతో పట్టుకున్నారు. వదులైన పన్నులా కదిలింది. అందరూ చూశారు. ఈయన ముఖం తెల్లబోయింది. ఎదురుగా గోడ వంక చూశారు, దానమ్మ గంప వంక చూశారు.

ఇక సుత్తి తీసుకుంటారనుకున్నాను. నా వైపు తిరిగారు.

"ఇది నీ మాట కాదు."

"మరెవురి మాట?"

"సీల అన్నది మెకానిక్కు మాట. ఆడోళ్ళకి ఎలగొస్తాది? మీవాడు సెప్పించినాడు. రోజూ నరసన్నపేట బస్సు ఎల్తాది, ఎవుడో కబురు మోసినాడు."

"నాను తిరగలి సూసి సెప్పినాను. మొన్నే సెప్పినాను గదండీ!"

"మొన్న సెప్పినప్పుడు కూడా ఆడే సెప్పించినాడన్నమాట!"

మాస్టారు కూడా ఆలోచించి, "తిరగలి నుంచి ఇంజనుకి రావడం శాస్త్రరీత్యా కష్టమండీ" అన్నారు.

"ఆడి మాట మీద నా ఇంజను మీద సుత్తి పడదు. ఆ సీల అలగే ఉంటాది" అన్నారు ఈయన.

"అయితే నా సోళ్ళో బావూ?" అంది దానమ్మ.

"ఆగు. ముందు విచారణ జరగాల. ఆణ్ణే పిలిపిస్తాను. అందరి ముందరా నిజం ఒప్పుకోమంటాను."

వెంటనే కార్డు రాశారు. నాకు చదివి వినిపించారు. "విదియ బుధవారం నాడు మర ముందర హాజరు కావలెను. ఇంటికి కాదు. భోజనానికి కాదు." విదియ నాడే ఎందుకని అడిగితే, కార్డు అందడానికి ఆ మాత్రం పడుతుందన్నారు. చిరునామా: కూర్మమ్మ తమ్ముడు, లారీల పని, నరసన్నపేట. నా పేరు రాశారు గానీ వాడి పేరు రాయలేదు.

20-10-1968, ఆదివారం

పనులు: తిరగలి పిడి బిగించి విసిరినవి: మాకు శనగపిండి, దానమ్మకు చోడిపిండి, ఇంకో ఇద్దరికి బియ్యప్పిండి. చేతులు బొబ్బలెక్కాయి. ఇంజను గుమ్మానికి ఈయన తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు.

21-10-1968, సోమవారం

దీపావళి. దీపాలు పెట్టాను. మర గుమ్మంలో కూడా రెండు పెట్టాను. ఈయన వాటిలో నూనె పోశారు.

22-10-1968, మంగళవారం

పనులు: మినప్పప్పు నానబోశాను. కంద చెక్కు తీశాను. పాలు ఎక్కువ పొయ్యమని చెప్పాను. పండగ వెళ్ళాక గారెలు వండుకోవడం మా ఇంట్లో కొత్తేమీ కాదు.

ఎవరి కోసమని ఈయన అడగలేదు. పెరట్లో అరిటాకులు మాత్రం కోసుకొచ్చారు. రెండు చాలు. నాలుగు తెచ్చారు.

23-10-1968, బుధవారం

నగరం పదిన్నర బస్సుకి దిగాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నడిచి వచ్చి, మర గుమ్మం బయటే నిలబడ్డాడు. చిక్కిపోయాడు. మెడ మీద కొత్తగా కాలిన మచ్చ ఉంది. ఎక్కడిదని అడగబోయి మానేశాను.

లోపల ఈయన, మాస్టారు, కాంపౌండరు బల్ల మీద కూర్చున్నారు. దానమ్మతోబాటు మరో పదిమంది. మరలో ఇంత మంది కొత్త ధాన్యం రోజుల్లో కూడా ఉండరు.

"సేతులు ఎనక్కెందుకు కట్టుకున్నాడో అడగవే" అన్నారు ఈయన నాతో.

"ఇంజను మీద పడిపోతాయేమోనని కట్టుకున్నానని సెప్పప్పా" అన్నాడు వాడు.

"సీల వదులని ఈడు నీకు కబురంపినాడా లేదా, అది అడుగు."

నేను అడగనక్కర్లేదు, వాడు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. అయినా అడిగాను.

"సీలా?" వాడు నవ్వాడు. "సీలేటప్పా? ఎవురన్నారు సీలని?"

మాస్టారు పుస్తకం తెరిచారు. వాడు ఆగలేదు.

"బస్సులో, లారీల్లో ఎల్తా రోజూ ఇంటన్నాను. అది బేరింగు. పెద్ద బేరింగు పోయినాది. మొత్తం విప్పి కొత్తది ఎయ్యాల."

ఈయన బల్ల మీంచి లేచారు. నాతో కాకుండా, వాడితోనూ కాకుండా, గాలితో, "అయితే సీల కాదంటాడేటి?" అన్నారు.

"సీల్లో ఏటుంటాది! అంగుళం ఇనప ముక్క. దానికే ఇంత సప్పుడొస్తాదేటి? బేరింగు. నా వర్క్‌షాపు పందెం."

"ఒట్టా?"

"ఒట్టే."

ఈయన ముఖంలోకి శ్రావణం తర్వాత చూడని వెలుగు వచ్చింది. మొలతాడు తాళంచెవి తీసి ఇంజను గుమ్మం తెరిచారు. పంచె ఎగ్గట్టి సుత్తి అందుకున్నారు. "సీలో బేరింగో ఇప్పుడే తేలిపోతాది. ఎవురూ తుమ్మకండి!" అన్నారు. దానమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. ఈయన కొట్టారు. ఇంకా కొట్టారు. చీల గాడిలోకి పూర్తిగా దిగి, సుత్తి ఖంగుమని మోగేదాకా కొట్టారు. తర్వాత హేండిలు తిప్పారు.

కూక్. కూక్. కూక్. కూక్.

మధ్యలో ఏమీ లేదు. అందరం విన్నాం. మాస్టారు పుస్తకం మూసేశారు. చక్రం అంచు గీత గీసినట్టు నిలకడగా తిరుగుతోంది.

"ఒరే నగరం!" ఈయన ఇంజను చప్పుడుని మించి కేకేశారు. "ఇన్నావురా నగరం! బేరింగంట, బేరింగు! మా ఇంటిది వంటింట్లో కూకుని సెప్పినాది సీలని! నువ్వు రోడ్డు మీద తిరిగి బేరింగన్నావు! ఓడిపోయినావురా నగరం!"

వాడు తల దించుకున్నాడు. "ఓడిపోయినాను బావా" అన్నాడు.

అని, చేతులు విప్పి, మర పక్క నుంచి మా పెరట్లోకి నడిచి, కాళ్ళు కడుక్కుని, వెనక గుమ్మం దాటి లోపలికి వచ్చేశాడు. "అప్పా, ఆకలేస్తన్నాది" అన్నాడు.

ఈయన వాడి పక్కనే విస్తరి వేయించుకుని భోజనమంతా చక్రాల గురించి చెప్పారు. చీల ఎందుకు ముఖ్యమో, చెవి ఎలా పెట్టి వినాలో, తిరగలికీ ఇంజనుకీ మూలసూత్రం ఒకటే ఎలా అయిందో. "మన సొంత ఇంజనైతేనే ఇలాంటియి తెలుస్తాయిరా నగరం" అన్నారు. వాడు గారె నములుతూ ప్రతిదానికీ తల ఊపాడు. ఒక్కసారి కూడా, నూనె పోసుకో అనలేదు.

చేతులు కడుక్కునేటప్పుడు నేను నీళ్ళు పోస్తుంటే మెల్లిగా అన్నాడు:

"బేరింగు పోతే బరువు మీద గట్టిగా కొడతాదప్పా. మీది ఖాళీగా తిరిగినప్పుడే కొడతా ఉన్నాది. రోడ్డు మీంచే తెలిసిపోయినాది."

చెంబు కింద పెట్టాను. "మరి బేరింగన్నావేటిరా?"

"సీలంటే నన్నెవుడు పేరెట్టి పిలుస్తాడు?" అన్నాడు, చేతులు దులుపుకుంటూ.

మెడ మీద మచ్చ సంగతి అప్పుడు అడిగాను. సైలెన్సరు తగిలిందట. పసుపు రాశాను.

నాలుగు గంటల బస్సు ఎక్కించడానికి ఈయనే రోడ్డు దాకా వెళ్ళారు. వచ్చే ఏడు ఇంజను ఎప్పుడు విప్పాలో ఇద్దరూ మాట్లాడుకుంటూ వెళ్ళారు. చెయ్యి పడకూడదన్న ఒట్టు గురించి ఎవరూ ఎత్తలేదు. సాయంత్రానికల్లా, చప్పుడు వినగానే చీల అని మొదట పట్టింది కాశీవిశ్వనాథంగారేనని మాస్టారు ఊరంతా చెప్పారు. దానమ్మ మాత్రం చోడిపిండి ఆడించుకుని వెళ్తూ వంటింటి గుమ్మంలో ఆగి, "సావుకారమ్మా, మా ఇంట్లో కుట్టుమిషను కూడా ఏదో కూస్తన్నాది, రేపొచ్చి ఇంటావేటి?" అంది. వస్తానన్నాను.

పనులు: గారెలు, పరమాన్నం, కంద బచ్చలి కూర, కొబ్బరి పచ్చడి. పరమాన్నం నగరం మూడుసార్లు అడిగి పోయించుకున్నాడు. కాఫీ: ముగ్గురికి మాత్రమే.

బాకీ: తమ్ముడికి ఈ ఏటి విదియ భోజనం. చెల్లు.